అడవి వరిలోంచి ఒక్క జన్యువు: తెచ్చుకోవడం కంటే మిగతాది వదిలించుకోవడమే కష్టం

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి సాంబ మసూరి నుంచి చేసిన ‘కమల’. రెండోది మనకు బాగా తెలిసిన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 నుంచి చేసిన ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’. విత్తనం ఊళ్లోకి రాకముందే మాట వచ్చేసింది. నరసన్నపేట నుంచి బొబ్బిలి దాకా రైతులు కూడిన చోటల్లా మూడు సంగతులు కలగాపులగం అవుతున్నాయి: జీఎం (జన్యు మార్పిడి) విత్తనం, జన్యు సవరణ, అడవి వరి జన్యువు. ‘అడవి వరి జన్యువు పెట్టారట, అంటే జీఎమ్మే కదా’ అనేది అందులో ఎక్కువగా వినపడే మాట. కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు ఆ అడవి వరి ఏమిటో, దాని జన్యువు మన మడిలోకి ఏ దారిన వస్తుందో చూడాలి.

నివ్వరి: మన వరికి మేనరికం వరస

ప్రపంచంలో సాగులో ఉన్న వరి జాతులు రెండే. ఒకటి ఆసియా వరి, రెండోది ఆఫ్రికా వరి. మిగతా ఇరవైకి పైగా జాతులు అడవివి. వాటిలో మనకు దగ్గరిది నివ్వరి. సంస్కృతంలో నీవారం. గుడిలో మంత్రపుష్పం చదివేటప్పుడు వినిపించే నీవారశూకం ఈ గింజ కొసన ఉండే సన్నటి ముల్లే. వృక్షశాస్త్రం పెట్టిన పేరూ అదే, ఒరైజా నివారా. ఇది ఏటా మొలిచి, గింజ రాల్చి, ఎండిపోతుంది. దీని తోబుట్టువు ఒరైజా రూఫిపోగాన్ మాత్రం నీరు నిలిచే చోట మోడు నుంచి మళ్లీ చిగురిస్తూ ఏళ్ల తరబడి బతుకుతుంది.

చుట్టరికం ఎంత దగ్గరిదో చెప్పడానికి జన్యుశాస్త్రం అక్షరాలు వాడుతుంది. సాగు వరిది ‘ఏఏ’ గుంపు, 24 క్రోమోజోములు. నివ్వరి, రూఫిపోగాన్, ఆఫ్రికా అడవి వరి లాంగిస్టామినేటా కూడా ఏఏ గుంపువే. ఇవి మేనరికం లాంటివి. సంబంధం కుదురుతుంది, కొంత తాలు పోయినా గింజ కడుతుంది. సీసీ గుంపు అఫిసినాలిస్, ఈఈ గుంపు ఆస్ట్రేలియెన్సిస్ దూరపు చుట్టాలు. వాటి క్రోమోజోములు మన వరి క్రోమోజోములతో సరిగా జత కట్టవు. పిల్ల మొక్క పుట్టినా గొడ్డుమొక్కే అవుతుంది. అసలు పిండమే రెండు వారాల్లోపు వాడిపోవడం కూడా మామూలే. అందుకని గింజ పాలు పోసుకునే దశలోనే పిండాన్ని బయటికి తీసి, పోషక జెల్లీ ఉన్న గాజు గొట్టంలో పెంచుతారు. దీనికి పిండ రక్షణ అని పేరు.

సాగులోకి వస్తూ వరి పోగొట్టుకున్నవి

నివ్వరిని మడిలో వేస్తే ఏ రైతూ ఒప్పుకోడు. మొక్క నిలబడకుండా నేల మీద పరుచుకుంటుంది. వెన్ను పండుతుండగానే పై గింజలు రాలిపోతాయి. కోతకు వెళ్లేసరికి వెన్నుకు ఈనె మిగులుతుంది. బియ్యం ఎర్రగా ఉంటుంది, విత్తితే ఒకేసారి మొలవదు. ఇవన్నీ మనకు లోపాలు, మొక్కకు బతుకుతెరువు. గింజ రాలకపోతే పిట్ట తినేస్తుంది. అన్ని గింజలూ తొలి వానకే మొలిస్తే, తర్వాత బెట్ట వచ్చినప్పుడు వంశమే పోతుంది.

ఇంత తేడా వెనక ఉన్న జన్యు మార్పులు కొన్ని చాలా చిన్నవి. గింజ రాలకుండా పట్టి ఉంచడంలో ముఖ్యమైనది 4వ క్రోమోజోము మీది ‘ఎస్‌హెచ్4’ జన్యువు. అందులో డీఎన్ఏ అక్షరం ఒక్కటి మారడమే ప్రధాన కారణమని 2006లో తేలింది. తెల్ల బియ్యం కూడా అంతే. 7వ క్రోమోజోము మీది ‘ఆర్‌సీ’ జన్యువులో 14 అక్షరాలు ఊడిపోయాయి, ఎరుపు రంగు తయారీ ఆగిపోయింది. విత్తనం ఆలస్యంగా మొలిచే గుణం కూడా చాలావరకు ఇదే ఆర్‌సీ చేతిలో ఉంది. ఎర్ర గింజ వద్దనుకుంటూ ఏరుకున్న పాతకాలపు రైతు, తెలియకుండానే ఒకేసారి మొలిచే విత్తనాన్నీ ఏరుకున్నాడు. కోతల వేళ తుపాను పట్టుకుంటే పనల మీదే గింజ మొలకెత్తడం వెనక ఈ లావాదేవీ కూడా ఉంది.

ఏరుకోవడంలో పనికొచ్చేవీ కొన్ని జారిపోయాయి. వందల తరాల పాటు కొద్ది మొక్కల విత్తనమే ముందుకు నడిచింది కాబట్టి, తెగుళ్లకీ పురుగులకీ తట్టుకునే జన్యువులు చాలా అడవి వైపే ఉండిపోయాయి. 1970ల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు ఇది బాగా తెలిసొచ్చింది. వరి రసం పీల్చే సుడిదోమ మోసుకొచ్చే గడ్డి కుదుపు (గ్రాసీ స్టంట్) వైరస్‌కు తట్టుకునే రకం కోసం అక్కడ ఆరు వేలకు పైగా నమూనాలు వడగట్టారు. గట్టిగా నిలబడింది ఒక్కటే, ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక నివ్వరి. అక్కడి శాస్త్రవేత్త గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని ఐఆర్24 అనే సాగు రకంతో కలిపి, ఆ పిల్లలను మరో మూడుసార్లు ఐఆర్24తోనే కలిపింది. 1976లో వచ్చిన ఐఆర్36లో ఉన్నది ఆ జన్యువే. 1980ల్లో ఆ రకం ప్రపంచంలో కోటి హెక్టార్లు దాటింది.

సాయంత్రం కత్తెర, మర్నాడు పుప్పొడి: సంకరం చేసే తీరు

వరి పూవులో ఆడా మగా రెండూ ఉంటాయి. పూవు విచ్చుకునే వేళకే సొంత పుప్పొడి రాలిపోతుంది. పరపరాగం సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండదు. కాబట్టి ముందు తల్లి మొక్కలోని మగ భాగాన్ని తీసేయాలి.

మర్నాడు విచ్చుకోబోయే పూలున్న వెన్నును సాయంత్రం ఎంచుకుంటారు. పైన ఇప్పటికే విచ్చుకున్నవి, కింద మరీ లేతవి తీసేస్తారు. మిగిలిన ప్రతి పూవుకీ పొట్టు పైభాగం మూడో వంతు ఏటవాలుగా కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులనూ సన్న పటకారుతోనో, గాలి పీల్చే గొట్టంతోనో తీస్తారు. పుప్పొడిని అందుకునే ఈకల్లాంటి రెండు కీలాగ్రాలకు పటకారు తగిలిందా, ఆ గింజ తాలే. ఒక్క తిత్తి మిగిలిపోయిందా, కట్టేది సంకరం కాదు, తల్లి సొంత విత్తనం. పని అయ్యాక వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు తొమ్మిదిన్నర, పదకొండున్నర మధ్య నివ్వరి పూలు విచ్చుకున్నప్పుడు వెన్ను తెచ్చి ఈ సంచిలో దులిపి మూతి కట్టేస్తారు. పాతిక, ముప్పై రోజులకు గింజ పండుతుంది. పొట్టు తెగి ఉంటుంది కాబట్టి బియ్యపు గింజ సగం బయటికి కనిపిస్తుంది. సంకరపు గింజ ఆనవాలు అదే. బూజు పట్టేదీ అక్కడే.

సాగు రకాన్నే తల్లిగా పెట్టుకోవడానికి కారణం ఉంది. కణంలో కేంద్రకం బయటి పదార్థం తల్లి నుంచే వస్తుంది. అడవి వరి తల్లి అయితే ఆ పదార్థం వల్ల పిల్లల్లో పుప్పొడి పనిచేయకుండా పోవచ్చు. ఈ లోపాన్నే చైనా వాళ్లు వరంగా మార్చుకున్నారు. 1970లో హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దొరికిన గొడ్డు పుప్పొడి అడవి వరి మొక్క నుంచే హైబ్రిడ్ వరి పుట్టింది. మన దేశంలోని హైబ్రిడ్ వరి విత్తనాల్లోనూ ఎక్కువ వాటికి ఆడ వరస మూలం అదే మొక్క.

తప్పేది ఎక్కువగా కాలం దగ్గర. మన రకం పూతకు, నివ్వరి పూతకు పొంతన కుదరక ఒక ఖరీఫ్ అంతా పోతుంది. అందుకే పది రోజుల తేడాతో మూడు దఫాలు విత్తుతారు. నివ్వరి విత్తనాన్ని 50 డిగ్రీల పొడి వేడిలో ఐదు రోజులుంచి, పొట్టు తీసి నానబెడతారు. లేకపోతే ఆకుమడిలో చుక్కచుక్కగా మొలుస్తుంది. వెన్ను పాలు పోసుకోగానే నైలాన్ వల సంచి కట్టకపోతే విత్తనం బురద పాలవుతుంది.

సగం, పావు, అర్ధపావు: లెక్క ఎక్కడ తప్పుతుంది

మొదటి తరం పిల్ల మొక్కను చూస్తే గుండె జారుతుంది. పరుచుకున్న దుబ్బు, ముళ్లు, ఎర్ర గింజ, రాలుడు అన్నీ నివ్వరి పోలికే. ఆ గుణాలు చాలావరకు పైచేయివి, అంటే ఒక్క ప్రతి ఉన్నా బయటపడేవి. అందుకని ఆ మొక్కను మళ్లీ సాగు రకంతో కలుపుతారు. పుట్టినవాటిలో కావాల్సిన జన్యువున్న వాటిని ఎంచి మళ్లీ అదే రకంతో కలుపుతారు. దీన్ని బ్యాక్‌క్రాస్ అంటారు.

ఉదాహరణకు రాగోలు పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు, ఆర్‌జీఎల్ 2537 తీసుకుందాం. దానికి దోమపోటు తట్టుకునే నివ్వరి జన్యువు ఒకటి ఎక్కించాలనుకుందాం. ఇది లెక్క కోసం ఊహించినది. మొదటి సంకరంలో నివ్వరి వాటా 50 శాతం. బ్యాక్‌క్రాస్ ఒక్కసారికి 25, రెండోసారికి 12.5, మూడోసారికి 6.25, నాలుగోసారికి 3.1, ఐదోసారికి 1.6. పేపర్ల మీద కనిపించే లెక్క ఇదే. ఐదు దఫాలైతే 98 శాతం శ్రీకాకుళం సన్నాలు తిరిగొచ్చినట్టే.

ఇది సగటు లెక్క. జన్యువు కూర్చున్న క్రోమోజోముకు ఇది వర్తించదు. క్రోమోజోము పూసల దండ లాంటిది. మనకు కావాల్సింది ఒక్క పూస, చేతికొచ్చేది దండ ముక్క. బీజకణాలు తయారయ్యేటప్పుడు తల్లి వైపు దండ, తండ్రి వైపు దండ అక్కడక్కడా తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ముక్క చిన్నదయ్యేది ఆ తెగుడు మన పూస పక్కనే పడితేనే. పూసల మధ్య దూరాన్ని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. ఒక సెంటీమోర్గాన్ అంటే తరానికి నూటికి ఒక బీజకణంలో ఆ రెండింటి మధ్య తెగుడు పడుతుందని. వరిలో అది సుమారు రెండున్నర లక్షల డీఎన్ఏ అక్షరాల దూరం. అంత దూరంలో పాతిక జన్యువులైనా ఉంటాయి.

మన దోమపోటు జన్యువుకు 5 సెంటీమోర్గాన్ల దూరంలో రాలుడు జన్యువు ఉందనుకోండి. ఏ ఎంపికా లేకుండా ఐదు బ్యాక్‌క్రాస్‌లు చేస్తే, రెండూ విడిపోకుండా ఉండే అవకాశం 0.95ను ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చేది: 0.77. అంటే నూటికి 77 మొక్కల్లో దోమకు తట్టుకునే గుణంతోపాటు రాలుడూ అంటుకునే ఉంటుంది. జన్యువుకు ఒక్కో పక్కన మిగిలే నివ్వరి ముక్క సగటు పొడవు ఆ దశలో ఇంకా 20 సెంటీమోర్గాన్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండు పక్కలా కలిపితే దాదాపు వెయ్యి జన్యువులు. 98 శాతం శుద్ధి అన్న మాట వెనక దాగి ఉన్నది ఇదే. దీని పేరు లింకేజ్ డ్రాగ్, జన్యువు వెంట ఈడ్చుకొచ్చే తోక. అడవి వరి నుంచి మొదలైన పనులు చాలా ఈ తోక దగ్గరే ఆగిపోతాయి.

తోక కత్తిరించాలంటే మొక్కల సంఖ్య కావాలి. జన్యువుకు ఒక సెంటీమోర్గాన్ లోపల ఒక పక్క తెగిన మొక్క నూటికి 95 పాళ్ల ధీమాతో దొరకాలంటే, జన్యువున్న మొక్కలు 300 పరీక్షించాలి. సగం మొక్కలకే జన్యువు వస్తుంది కనుక నాటాల్సినవి 600. రెండు పక్కలా ఒకే తరంలో తెగాలంటే అవకాశం పదివేలకు ఒకటి. అందుకే అనుభవమున్న వాళ్లు ఒక పంటలో ఎడమ పక్క, ఇంకో పంటలో కుడి పక్క అని పంచుకుంటారు. కూలీలను పెట్టి చేతితో చేసిన ఒక్కో సంకరపు వెన్నుకు పాతిక గింజలు దొరికితే గొప్ప. 600 మొక్కలంటే ఎన్ని సాయంత్రాల కత్తెర పనో లెక్క వేసుకోవచ్చు.

ఆకు ముక్క చూసి ఎంపిక: సాంబ మసూరిలో మూడు జన్యువులు

పూర్వం జన్యువుందో లేదో తెలియాలంటే మొక్క పెరగాలి, తెగులు ఎక్కించాలి, ఆగి చూడాలి. ఇప్పుడు నారు దశలోనే అంగుళం ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి మార్కర్‌తో చూస్తారు. మార్కర్ అంటే జన్యువు పక్కనే కూర్చున్న గుర్తుపట్టదగిన డీఎన్ఏ ముక్క.

దీనికి మన రాష్ట్రాల్లో మంచి ఉదాహరణ మెరుగైన సాంబ మసూరి. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 అన్నానికి మేలైనది, బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు మాత్రం తట్టుకోదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి దీనిలోకి మూడు నిరోధక జన్యువులు ఎక్కించాయి. నాలుగు బ్యాక్‌క్రాస్‌ల తర్వాత 2008లో రకం విడుదలైంది. మూడింటిలో ‘ఎక్స్‌ఏ21’ది అడవి మూలం, ఆఫ్రికాలోని మాలి దేశపు లాంగిస్టామినేటా. మిగతా రెండూ, ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, సాగు వరి నుంచే వచ్చాయి. అవి అణిగి ఉండే జన్యువులు. రెండు ప్రతులూ ఉంటే తప్ప ప్రభావం చూపవు.

మార్కర్ లేకపోతే ఇక్కడ పని నడవదు. బ్యాక్‌క్రాస్ మొక్కలో అణిగి ఉండే జన్యువుకు ఒక్క ప్రతే ఉంటుంది. తెగులు ఎక్కించి చూస్తే ఏమీ లేనట్టే కనిపిస్తుంది. మూడు జన్యువులూ ఉన్న మొక్క ప్రతి బ్యాక్‌క్రాస్‌లో ఎనిమిదికి ఒకటి. చివర్లో సొంత పుప్పొడితో పండించినప్పుడు మూడూ రెండేసి ప్రతులతో దొరికేది 64కి ఒకటి. 200 మొక్కలు పరీక్షిస్తే మూడు దొరుకుతాయి, ఒక్కటీ దొరక్కపోయే అవకాశం నూటికి నాలుగు.

మూడెందుకు, ఒక్క ఎక్స్‌ఏ21 చాలదా? చాలదు. ఆ జన్యువు బలం నారు దశలో తక్కువ, మొక్క ముదిరాకే పూర్తిగా కనిపిస్తుంది. పైగా దాన్ని దాటేసే బ్యాక్టీరియా తెగలు ఉన్నాయి. ఇదే పాఠం దోమపోటులోనూ ఎదురైంది. బీపీహెచ్1 అనే ఒక్క జన్యువుతో 1973లో వచ్చిన ఐఆర్26ను మూడు నాలుగేళ్లలోనే దోమ కొత్త తెగ గెలిచేసింది. అఫిసినాలిస్, ఆస్ట్రేలియెన్సిస్ లాంటి దూరపు అడవి వరుల నుంచి తర్వాత ఎన్నో దోమపోటు జన్యువులు దొరికాయి. వాటిని ఒక్కొక్కటిగా వదిలితే ఒక్కొక్కటిగా ఓడిపోతాయి. జన్యువుంది కదాని యూరియా రెట్టింపు వేసి, ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలకుండా ఉభాలు (నాట్లు) పూర్తి చేస్తే ఓటమి ఇంకా తొందరగా వస్తుంది.

గోధుమలో దారి వేరు, చోళ్లలో ఇంకోలా

అడవి బంధువుల జన్యువుల ముచ్చట వచ్చినప్పుడల్లా గోధుమ ఉదాహరణ చెబుతారు. కానీ గోధుమ లెక్క వరికి అతికించకూడదు. రొట్టె గోధుమకు 42 క్రోమోజోములు. మూడు వేర్వేరు గడ్డిజాతుల నుంచి వచ్చిన మూడు పూర్తి కట్టలు. ఒక కట్టలో ముక్క పోయినా మిగతా రెండు కాపు కాస్తాయి. అందుకని పరాయి ముక్క పెద్దదైనా గోధుమ భరిస్తుంది. ఒకే కట్ట ఉన్న వరికి ఆ సౌకర్యం లేదు. అలాగని గోధుమలో అంతా సాఫీ కాదు. దానిలో ‘పీహెచ్1’ అనే జన్యువు పరాయి క్రోమోజోమును జత కట్టనివ్వదు. దాన్ని తాత్కాలికంగా పక్కకు నెట్టడమో, ఎక్స్ కిరణాలతో ముక్క తెంచడమో చేయాల్సొచ్చింది.

గోధుమలోకి రై అనే ధాన్యం క్రోమోజోము చేయి ఒకటి మొత్తంగా ఎక్కింది. దానితో తుప్పు తెగుళ్ల నిరోధకత వచ్చింది, పిండి జిగట పట్టే గుణమూ వచ్చింది. అందులోని కాండపు తుప్పు జన్యువు ‘ఎస్ఆర్31’ను 1998లో ఉగాండాలో కనిపించిన యూజీ99 తెగ దాటేసింది. ఇంకో అడవి గడ్డి నుంచి వచ్చిన ‘ఎల్ఆర్19’ జన్యువు పిండిని పసుపు పచ్చగా మార్చింది. తోక కథ అక్కడా తప్పలేదు.

మరో దారి కృత్రిమ గోధుమ. 28 క్రోమోజోముల పాస్తా గోధుమను 14 క్రోమోజోముల మేక గడ్డి జాతితో కలిపితే 21 క్రోమోజోముల గొడ్డుమొక్క వస్తుంది. కాల్చిసిన్ మందుతో దాన్ని రెట్టింపు చేస్తే 42. వేల ఏళ్ల కిందట కాస్పియన్ సముద్రం దక్షిణాన పొలంలో దానంతటదే జరిగినదాన్ని మళ్లీ చేయించడమన్నమాట.

మన చోళ్లు ఈ విషయంలో వరి కంటే గోధుమకే దగ్గర. 36 క్రోమోజోములు, రెండు కట్టలు. ఒక కట్ట గట్ల మీద చోడి మొక్కను పోలి పెరిగే కలుపు గడ్డి ఎల్యూసిన్ ఇండికా వంశానిది. వేగవతి లాంటి రకాలిచ్చిన విజయనగరం పరిశోధన స్థానం పని చేసేది ఈ జన్యు వ్యవస్థ మీదే. ఆ కలుపు గడ్డికి 18 క్రోమోజోములే కాబట్టి నేరుగా సంకరం చేస్తే ఫలితం ఉండదు. 36 ఉన్న ఆఫ్రికా అడవి చోడితో మాత్రం పిల్లలు బాగానే పుడతాయి.

జీఎం, సవరణ, సంకరం: మూడు వేర్వేరు తలుపులు

సంకరంలో జన్యువు పుప్పొడి ద్వారానే వస్తుంది. పిండ రక్షణ అవసరమైనా, మార్కర్ వాడినా అది సంకరమే. మెరుగైన సాంబ మసూరికి జీఎం అనుమతులతో పని లేదు. ఆ పంట గింజను రైతు మళ్లీ విత్తనంగా దాచుకోవచ్చు. జీఎంలో జన్యువును ప్రయోగశాలలో విడిగా తీసి నేరుగా కణంలోకి చొప్పిస్తారు. పత్తిలోని బీటీ జన్యువు మట్టి బ్యాక్టీరియాది. ఏ పుప్పొడీ దాన్ని పత్తికి మోయలేదు. దీనికి కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతి తప్పనిసరి. మూడోది సవరణ. కణంలో ఉన్న జన్యువునే ఎంచిన చోట కత్తిరించి పని ఆపడం లేదా కొద్దిగా మార్చడం. బయటి డీఎన్ఏ మిగలని సవరణ రకాలను 2022 మార్చిలో కేంద్రం జీఎం నిబంధనల్లో ప్రధానమైన వాటి నుంచి తప్పించింది. కమల, పూసా డీఎస్‌టీ రైస్ 1 వచ్చింది ఈ తలుపు నుంచి. వాటిలో అడవి వరి జన్యువేదీ పెట్టలేదు.

వాదన ఇక్కడే మొదలవుతుంది. సవరణ వైపున్న వాళ్లు, ఐదు బ్యాక్‌క్రాస్‌లు, తోక బెడద ఏమీ లేకుండా రకం పాడవకుండా ఒక్క గుణం మార్చొచ్చని అంటారు. అది నిజమే. పైన చెప్పిన వరసలో మొదటి సంకరం, ఐదు బ్యాక్‌క్రాస్‌లు, రెండు సొంత తరాలు కలిపి ఎనిమిది పంటలు, అంటే ఏడాదికి రెండు పంటలు వేసినా నాలుగేళ్లు. పరీక్షలు ఆ తర్వాత. అయితే సవరణ ఉన్నదాన్ని మార్చడంలో గట్టిది. లేనిదాన్ని, ఉదాహరణకు మొత్తం ఎక్స్‌ఏ21ను, సాంబ మసూరిలో కొత్తగా రాసి పెట్టడం ఇప్పటి ఈ మినహాయింపు పరిధిలోకి రాదు. విమర్శకులు అడిగేవి వేరే: క్షేత్ర ఫలితాలు, భద్రత పరీక్షలు పూర్తిగా బయటపెట్టాలని, కత్తిరింపు సాంకేతికతపై విదేశీ పేటెంట్లుంటే విత్తన హక్కు ఎవరిదో తేల్చాలని. రెండో ప్రశ్న రైతు జేబుకు సంబంధించినది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు.

ఇంకో పక్షం, అడవిలోకి వెళ్లేముందు నాటు రకాలు చూడండంటుంది. వాళ్ల చేతిలోనూ బలమైన సాక్ష్యం ఉంది. వంశధార, నాగావళి పొంగితే చేలు రోజుల తరబడి మునిగే మన శ్రీకాకుళం జిల్లాకు పనికొచ్చే సబ్1 జన్యువు అడవిది కాదు, ఒడిశా నాటు వరి నుంచి ఎంచిన ఎఫ్ఆర్13ఏది. నీళ్లలో పొడవు పెరగకుండా మొక్క తన పిండిపదార్థాన్ని దాచుకునేలా చేస్తుంది. స్వర్ణలో పెట్టాక రెండు వారాల ముంపు దాకా తట్టుకుంటోంది. నాటు వరి కూడా సాగు వరే కాబట్టి రాలుడు, ముల్లు లాంటి తోక లేదు. సాలూరు దాటి ఘాటెక్కితే వచ్చే జయపురం ప్రాంతం వరి వైవిధ్యానికి ప్రపంచమంతా గుర్తించిన చోటు. 1950ల చివరి సర్వేలో అక్కడ 1,700కు పైగా నాటు రకాలు సేకరించారు.

ఇక అసలు నివ్వరి ఎక్కడుండాలన్నది మిగిలింది. జన్యు బ్యాంకులో మైనస్ 18 డిగ్రీల దగ్గర విత్తనం దశాబ్దాలు చెడకుండా ఉంటుంది. కానీ సేకరించిన రోజున ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది. చెరువు గర్భంలో, గెడ్డ పక్క గుంటలో ఉన్న నివ్వరి ఏటా కొత్త దోమ తెగతో, కొత్త తెగులుతో తలపడుతూ మారుతుంది. అయితే ఆ గుంట పూడిపోయినా, పక్క మడి వరి పుప్పొడి పడి ఏటికేడూ కలిసిపోతున్నా దానిలో మన వరి పాలే పెరుగుతుంది. ఎద పద్ధతిలో వెదజల్లిన చేలల్లో ఇలా కలిసినవే ముందుగా గింజ రాల్చుకునే ఎర్ర గింజ కలుపు వరిగా తేలుతున్నాయి. వెన్ను వేశాక, పాలు పోసుకోకముందే ఆ బెరుకులు పీకేయకపోతే, మరుసటి ఖరీఫ్‌కు అవే ముందు మొలుస్తాయి.